అవతలి చేయి ఎవరిది?

మదనపల్లె మార్కెట్లో టమాటా ధర రహస్యమేమీ కాదు. నలుగురి ముందూ పలికేదే, అదే రోజు ఊరూరా ఫోన్లలో తిరిగేదే. అలాంటి ధరను చూపించే యాప్‌కు, సర్వర్‌తో సాగే సంభాషణను కాపాడే టీఎల్‌ఎస్ రక్షణ దేనికని నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు సందేహం వస్తుంది. టీఎల్‌ఎస్ ఉన్నది దాచడానికేనన్న భ్రమ నుంచి పుట్టిన సందేహమిది. అవతల మాట్లాడుతున్నది ఎవరో తేల్చడం అంతకంటే ముఖ్యమైన పని. పుంగనూరు రైతు ఈరోజు కోయాలా, రెండు రోజులు ఆగాలా అని ఆ అంకె చూసే తేల్చుకుంటాడు. దారిలో ఎవరైనా ఒక్క అంకె మార్చితే ఏ రహస్యమూ బయటపడదు, కానీ రైతు మునుగుతాడు. 2023 జూలై చివర్లో మేలురకం కిలో 200 రూపాయలకు చేరువైంది. ధర పడిన రోజుల్లో అదే పంటకు కోతకూలీ కూడా గిట్టదు.

మన సీమ పశువుల సంతల్లో తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి బేరమాడే పద్ధతి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలియదు, పట్టుకున్న చేయి ఎవరిదో మాత్రం కళ్లెదుటే కనిపిస్తుంది. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రకటించిన పద్ధతి ఆ తువ్వాలు పని చేస్తుంది. ఇరుపక్షాలూ బహిరంగంగా చెరో విలువ పంపుకుంటాయి, ఒక్కటే తాళంచెవిని ఎవరికి వారు లెక్కగట్టుకుంటాయి. ఆ తాళంచెవి తీగ మీద ప్రయాణించదు. అయితే మధ్యలో దూరినవాడు ఇద్దరితోనూ విడివిడిగా చేయి కలిపితే ఈ లెక్క అతన్ని పట్టుకోలేదు. అందుకే సర్వర్ తన సర్టిఫికెట్ చూపించి, అప్పటిదాకా జరిగిన సంభాషణ మొత్తం మీద సంతకం చేస్తుంది. సర్టిఫికెట్‌లో ఉన్నది మనం అడిగిన పేరేనా, గడువు ఉందా, నమ్మదగిన సంస్థ ఇచ్చిందేనా, సంతకం సరిపోయిందా అని క్లయింట్ చూడాలి. చివర్లో రెండు పక్షాలూ విన్నదంతా సరిచూసుకుంటాయి.

పరీక్షించే రోజుల్లో సర్టిఫికెట్ లోపం ఎదురైతే, తనిఖీని ఆపేసే ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లడం ప్రోగ్రామర్లకు అలవాటు. ఆ వాక్యం అలాగే జనంలోకి వెళ్తుంది. 2012లో జర్మనీ పరిశోధకులు 13,500 ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలిస్తే 1,074 యాప్‌లలో ఇలా మోసపోగల కోడ్ కనిపించింది. పరీక్ష సర్వర్ సర్టిఫికెట్‌ను నమ్మేవాటి జాబితాలో చేర్చుకుంటే సరిపోయేదానికి తనిఖీనే తీసేయడం ఏ రకంగానూ సమర్థించలేనిది.

టీఎల్‌ఎస్‌తో ఖర్చు, ఆలస్యం అనే అభ్యంతరాలు ఒకప్పుడు నిజమే. 2002లో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే గ్రామీణ ఇంటర్నెట్ ప్రాజెక్టు మొదలుపెట్టిన కాలంలో చాలా వెబ్‌సైట్లకు ఈ రక్షణే లేదు, సర్టిఫికెట్ కొనుక్కోవలసిన వస్తువు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తోంది. 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 ఈ తొలి కరచాలనాన్ని (హ్యాండ్‌షేక్) ఒక్క రాకపోకకు కుదించింది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థే తప్పు చేస్తే ఎలా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. 2014 జూలైలో మన ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ పేరు మీదే గూగుల్ డొమైన్లకు అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. గూగుల్ పసిగట్టిన మర్నాడే ఆ సర్టిఫికెట్లను ఇచ్చిన అధికారం రద్దయింది. ఇప్పుడు కొత్త సర్టిఫికెట్లు బహిరంగ చిట్టాలకెక్కుతున్నాయి గనుక దొంగవి దాగడం మరింత కష్టం. లోపమున్న తనిఖీని సరిదిద్దుకోవచ్చు, అసలు లేనిదాన్ని ఏం సరిదిద్దుతాం?

మదనపల్లె, కుప్పం కళాశాలల్లో కోడ్ రాస్తున్న పిల్లలకు ఒక్క విన్నపం. మీ యాప్‌ను విడుదల చేసేముందు, గడువు తీరిన సర్టిఫికెట్ ఉన్న సర్వర్‌తో ఒకసారి, వేరే పేరున్న సర్టిఫికెట్‌తో ఒకసారి కలపండి. రెండుసార్లూ అది నిరాకరించాలి. ఒక్కసారి కలిసినా ఆ యాప్‌ను రైతు చేతికి ఇవ్వకండి.