బస్తర్ వెదురు బడులు: రూపం సంప్రదాయం, నిర్ణయం ఎవరిది?

దంతెవాడ, సుక్మా, బీజాపూర్ అడవుల్లో 2011 ప్రాంతం నుంచి ఒక కొత్త రకం కట్టడం కనిపించసాగింది. వెదురు పలకలు, ప్లైవుడ్ బిగించిన గోడలు, రేకుల కప్పు, పొడవైన గదుల వరుసలు. ఒక్కొక్క ప్రాంగణంలో సుమారు 500 మంది పిల్లలు ఉండి చదువుకునేందుకు ఏర్పాటైన ఆశ్రమ పాఠశాలలివి. ‘పోర్టా క్యాబిన్’ అనే ఇంగ్లీషు పేరు స్థానికుల నోట ‘పోటా క్యాబిన్’ అయింది. తెలుగు చెవికి అది ‘పొట్ట’లా వినిపించటం యాదృచ్ఛికమే కావచ్చు, బిడ్డకు రెండు పూటలా అన్నం దొరికే చోటుకు ఆ పేరు అతకకపోలేదు.

ఈ బడుల ఛాయాచిత్రాలు చూసినవారు ఆదివాసీ నిర్మాణ సంప్రదాయానికి ఆధునిక రూపం లభించిందని సంబరపడటం సహజం. చరిత్ర అందుకు అంగీకరించదు. 2005 తరువాత సాగిన సంఘర్షణలో భద్రతా దళాలు పాఠశాల భవనాల్లో విడిది చేయటం, మావోయిస్టులు ఆ భవనాలనే పేల్చివేయటం పరిపాటి అయింది. లోతట్టు గ్రామాలకు సిమెంటు, ఇనుము చేర్చటం దుస్సాధ్యమైంది. త్వరగా నిలబెట్టగల, బంకరుగా ఎవరికీ పనికిరాని కట్టడం కావలసి వచ్చింది. అందువల్ల వెదురు వచ్చింది. అంటే ఇక్కడ వెదురును ఎన్నుకున్నది సంప్రదాయం కాదు, యుద్ధం. బలహీనంగా ఉండటమే ఈ గోడలకు రక్షణ! ప్రపంచ వాస్తుకళలో ఇటువంటి యోగ్యత కలిగిన కట్టడాలు అరుదు.

ఈ ఆలోచనను తక్కువ చేయటం న్యాయం కాదు. బడి మూతపడిన ఊళ్ళ పిల్లలకు అది మళ్ళీ అక్షరాన్ని అందించింది. అయితే వాస్తువిమర్శ అడగవలసిన ప్రశ్న వేరు. పిల్లలు తల్లిదండ్రులకు దూరంగా, తమ ఈడువారితో కలిసి రాత్రులు గడిపే ఇల్లు బస్తర్‌కు కొత్త కాదు. ఉత్తర బస్తర్‌లోని మురియాల ఘోటుల్ అటువంటిదే. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన గ్రంథం దానిని లోకానికి పరిచయం చేసింది. ఘోటుల్ గురించి రాసినవారు చాలామంది అక్కడి యువతీయువకుల చనువు దగ్గరే ఆగిపోయారు; ఆ ఇంటి నిర్మాణాన్ని పట్టించుకున్నవారు తక్కువ. చుట్టూ కంచె, నడుమ విశాలమైన ముంగిలి, చెక్కడపు పనితో కొయ్య స్తంభాలు, మట్టి గోడల గది, వెలుపల నీడనిచ్చే చావడి. ఊడ్చేది, అలికేది, కట్టెలు తెచ్చేది అక్కడి చేలిక్‌లు, మోటియారీలే. ఇల్లు వారి చేతిపని గనుక దాని క్రమశిక్షణ కూడా వారిదే అయింది.

పోటా క్యాబిన్లు వెలసిన దక్షిణ బస్తర్‌లో దోర్లా, కోయ, మాడియా జనులే ఎక్కువ; వారి ఆచారాలు వేరు. కనుక ఘోటుల్‌ను అక్కడికి యథాతథంగా తరలించాలనటం అవివేకం. పోలిక నమూనా కోసం కాదు, అధికారం కోసం. ఘోటుల్‌లో కప్పు కారితే పిల్లలే ఎక్కి సరిచేస్తారు. పోటా క్యాబిన్‌లో పలక ఊడితే కార్యాలయానికి అర్జీ వెళ్ళాలి.

ఈ సమస్య బస్తర్‌కే పరిమితం కాదు. అరబ్బు ప్రపంచంలో సంప్రదాయ వాస్తువును పునరుద్ధరించిన మహనీయుడిగా పేరొందిన ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలో లక్సర్ సమీపాన న్యూ గుర్నా గ్రామాన్ని మట్టి ఇటుకలతో, నూబియా మేస్త్రీల గుమ్మటాలతో నిర్మించబూనాడు. మసీదు, సంత, బడి అన్నీ చూడముచ్చటగా లేచాయి. కానీ పురాతన సమాధుల నడుమ నివసిస్తున్న గుర్నా ప్రజలలో అధికులు అక్కడికి కదలలేదు. వారిని తరలించాలన్నది ప్రభుత్వ నిర్ణయం. వారి కోరిక కాదు. మట్టి వారిదే, గుమ్మటం వారి పొరుగుది, ఊరు మాత్రం పరాయిది. ఫతీ ప్రతిభ దీనివల్ల తగ్గదు. మంచి పదార్థం చెడ్డ నిర్ణయాన్ని సరిదిద్దలేదని మాత్రం తెలుస్తుంది.

నయా రాయ్‌పూర్‌లో 2006లో ప్రారంభమైన పుర్ఖౌతీ ముక్తాంగణంలో బస్తర్ కట్టడాల ప్రతిరూపాలున్నాయి. శిల్పుల నైపుణ్యం మెచ్చదగినదే. అయినా అది చూసి వచ్చే చోటు; బతికే చోటు కాదు. బతికున్న నిర్మాణ విద్యను చూడగోరేవారు జగదల్‌పూర్ దసరాకు వెళ్ళాలి. కాకతీయ వంశీయుడైన అన్నమదేవుని వారసులుగా చెప్పుకొనే రాజుల కాలం నుంచి సాగుతున్న ఆ 75 రోజుల ఉత్సవానికి బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులు వచ్చి కొయ్యతో మహారథాన్ని చెక్కుతారు. అడవి నుంచి కలప తెచ్చేవారెవరో, చెక్కేవారెవరో, లాగేవారెవరో ముందే నిర్ణయమై ఉంటుంది. అక్కడ సంప్రదాయమంటే కొయ్య కాదు, ఆ పని పంపకం.

2024 మార్చిలో బీజాపూర్ జిల్లాలో ఒక పోటా క్యాబిన్ రాత్రివేళ తగలబడింది. నాలుగేళ్ళ పసిపాప మరణించింది. పేలుడుకు భయపడి ఎన్నుకున్న వెదురు నిప్పుకు ఆహుతైంది. తాత్కాలికమని కట్టినవి పదేళ్ళు దాటి నిలిచినప్పుడు వాటికి శాశ్వత భవనాల జాగ్రత్తలన్నీ అవసరమవుతాయి: రెండవ ద్వారం, వంటశాలకు పడకగదికి నడుమ దూరం, నిప్పు తట్టుకొనేలా శుద్ధి చేసిన వెదురు. ఇకముందు కట్టేది కాంక్రీటుతోనైనా, వెదురుతోనైనా, తలుపు ఎటు తెరుచుకోవాలో, చావడి ఎంత వెడల్పుండాలో నకలు గీయకముందే ఆ పిల్లల తల్లిదండ్రులను వారి భాషలో అడగవచ్చు. దోర్లా తల్లికి ఆ ప్రశ్న తెలుగులో అడిగినా అర్థమవుతుంది.