మైకు అవతలి పాట

నల్గొండ వైపు ఏ బడిలో హాజరుపట్టీ తెరిచినా ఒక సైదులో, సైదమ్మో తగులుతారు. పేరు విని ముస్లిం పిల్లలనుకుంటే పొరపాటు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన హిందువుల పిల్లలకి ఆ పేర్లు పెట్టుకోవడం అక్కడ ఆనవాయితీ. కృష్ణకు దగ్గరలో, పాలకవీడు మండలంలో ఉందీ దర్గా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూర్యాపేట కింద చేరింది గాని మా నోట్లో ఇంకా నల్గొండ దర్గాయే. ఏటా జనవరిలో మూడు రోజుల ఉర్సు. గంధం ఊరేగుతుంది, మేకలు కోసి కందూర్లు చేస్తారు, తండాల నుంచి ట్రాక్టర్లు వస్తాయి.

మత సామరస్యం మీద సెమినార్ పెట్టినప్పుడల్లా మనం ఈ దర్గానో, పీర్ల పండగనో ఉదాహరణగా చెప్తుంటాం. బహుళ సంస్కృతి అనే మాట ఎంతో నిండుగా ఉంటుంది. అయితే ఆ బహుళంలో ఎవరి గొంతు ఎంత దూరం వినబడుతుంది, ఎవరిది పొయ్యి దాటి బయటకు రాదు అన్న లెక్క మాత్రం ఎవరూ తీయరు. ఉర్సుకి మేం నలుగురం స్నేహితురాళ్ళం కలిసి వెళ్ళిన సాయంత్రం ఈ లెక్క గురించే మాట్లాడుకున్నాం. ఒకామె పాలమూరులో తెలుగు పాఠాలు చెప్తుంది. ఒకామెది మిర్యాలగూడ, ఉర్దూ టీచరు. దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చిన లంబాడీ అమ్మాయి జానపదం మీద పరిశోధన చేస్తోంది. నాలుగో మనిషిని నేను.

చీకటిపడే వేళకి ఒకేచోట ఎన్ని పాటలో! ఒకవైపు మాదిగ డప్పులు, ఇంకోవైపు కవ్వాలీ వేదిక. బొమ్మల దుకాణాల దగ్గర సినిమా పాటలు. ఒక ట్రాలీ మీద డీజే డబ్బాలు, వాటి దెబ్బకి పక్క కొట్లోని గాజులు కూడా అదురుతున్నాయి. వీటన్నిటి కింద, చెవి ఒగ్గితే తప్ప వినబడకుండా, కందూరు పొయ్యిల దగ్గర ఆడవాళ్ళ పాట.

ముందు కవ్వాలీ సంగతి చెప్పాలి. వేదిక మీద అంతా మగవాళ్ళే. మా ఉర్దూ టీచరు మెల్లగా అర్థం చెప్తోంది. "చూడు, ఆయన ఇప్పుడు ఆడమనిషి" అంది. అమీర్ ఖుస్రో కాలం నుంచీ వస్తున్న పద్ధతి అది. దైవమో, గురువో ప్రియుడు. పాడేవాడు పెళ్ళికూతురు, విరహిణి. తన కొంగు, తన గాజులు, తన కన్నీళ్ళు అని మగగొంతుతో పాడతాడు. విన్నంతసేపూ అందంగానే ఉంది, కాదనను. అహంకారాన్ని వదులుకోవాలంటే మగవాడికి ఆడదాని గొంతు అరువు తెచ్చుకోవలసి రావడంలో పితృస్వామ్యం తన గురించి తానే ఒప్పుకున్న నిజం ఒకటి ఉంది. కానీ అరువిచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? వెనక, చలికి పిల్లల్ని కొంగుల్లో చుట్టుకుని. దర్గా మెహఫిళ్ళలో ఆడవాళ్ళు కవ్వాలీ పాడటం ఇప్పటికీ అరుదు. షకీలా బానో భోపాలీ లాంటి వాళ్ళు కవ్వాలీ పాడి దేశమంతా పేరు తెచ్చుకున్నది కచేరీల్లో, సినిమాల్లో. వాళ్ళని విమర్శకులు చాలాకాలం వినోదం కిందే జమకట్టారు. మగవాడు ఆడగొంతుతో పాడితే ఆధ్యాత్మికం, ఆడది తన గొంతుతోనే పాడితే వినోదం! తెలుగులో ప్రబంధ కవులు నాయికల విరహాన్ని వర్ణించినప్పుడు ఒక కొలత, 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు ఇంకో కొలత వాడిన మన సాహిత్య లోకానికి ఈ తూకం కొత్తదేం కాదు.

పాలమూరు మిత్రురాలికి ఆ సాయంత్రమంతా దర్శనం మొగులయ్యే గుర్తొస్తున్నాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆ డక్కలి కళాకారుడిది ఆమె జిల్లా. 2021లో ఒక సినిమా పాటతో లోకమంతటికీ తెలిశాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కూలిపనికి పోతూ వార్తల్లో కనిపించాడు. "అంత పేరొచ్చినాయన బతుకే ఇట్లుంటే పేరు లేని ఆడోళ్ళ పాట సంగతేంది?" అని ఆమె ప్రశ్న. దానికి జవాబు పొయ్యిల దగ్గర వెతుక్కోవాలని అటు నడిచాం.

అక్కడ ఒక పెద్దామె ఉల్లిగడ్డలు తరుగుతూ పాడుతోంది. ఒక వరుస ఆమె పాడితే మిగతా నలుగురైదుగురు పని ఆపకుండానే అందుకుంటున్నారు. సైదన్న మీద పాటే గాని వరస బతుకమ్మది, మధ్యలో అత్తింటి కష్టాలు, తమ్ముడు రాలేదన్న దిగులు. దర్గా, బతుకమ్మ, పుట్టిల్లు ఒకే పాటలో ఇమిడిపోయాయి. మేం సెమినార్లలో చెప్పే బహుళ సంస్కృతి ఎక్కడైనా ఉంటే ఆ పాటలోనే ఉంది. దానికి ఏ వేదికా లేదు.

మా ఉర్దూ టీచరు ఉండబట్టలేక, "అమ్మా, నువ్వు పొయ్యి కాడ పాడుడేంది? ఆ స్టేజి మీద మైకుల పాడు. మేం అడుగుతం వాళ్ళను" అంది. ఆమె నవ్వింది. "మైకుల పాడితే నా పాటకు బదులు ఎవలు పల్కుతరు బిడ్డా? అందరు మూతులు మూసుకొని ఇంటరు" అంది.

ఆ మాట నాకు చాలా రోజులు నలిగింది. మనం స్త్రీవాదులం ముప్పై ఏళ్ళకు పైగా అడుగుతున్నది మైకే కదా. గొంతు అన్న మాట మన వ్యాసాల్లో ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో! ఆమె అడుగుతున్నది గొంతు కాదు, గొంతుకి జవాబు. బతుకమ్మ చూడండి. దానికి వాయిద్యం చప్పట్లే. ఒకరు పాడాలి, వలయమంతా అందుకోవాలి. 2014లో రాష్ట్ర పండగయ్యాక వెలుగు, ఖర్చు, ప్రచారం అన్నీ పెరిగాయి. రెహమాన్ సంగీతంతో గౌతమ్ మేనన్ తీసిన బతుకమ్మ పాట కూడా 2021లో వచ్చింది. ఊళ్ళల్లో మాత్రం డీజే పెట్టాక ఆడవాళ్ళు నోరు కదపకుండా చేతులు కదుపుతున్నారు. పాట పాడేది డబ్బా. ఆడపిల్లలకి అడుగులొస్తున్నాయి, పాట రావడం లేదు. దీన్ని పాత రోజులు పోయాయన్న బెంగ కింద కొట్టిపారేయకండి. అత్త మీద, మొగుడి మీద, దొర మీద ఆశువుగా ఒక చరణం కలిపి నలుగురి నోటా పలికించే వీలు అందులో ఉండేది. రికార్డు చేసిన పాటలో ఎవరూ చరణం కలపలేరు.

అలాగని మైకుని తోసెయ్యమనను. ఇదే జిల్లాలో మల్లు స్వరాజ్యం సాయుధ పోరాట కాలంలో ఉయ్యాల పాటలు కట్టి జనాన్ని పోగేసింది. భువనగిరి స్పిన్నింగు మిల్లులో పనిచేసిన బెల్లి లలిత తెలంగాణ సభల్లో మైకు పట్టుకుంటే మైదానమంతా బదులు పలికింది. ఆ బదులుకి భయపడ్డవాళ్ళుండబట్టే 1999 మే నెలలో ఆమెను చంపి ముక్కలు చేశారని నా నమ్మకం. పాటని వినోదమనుకుంటే ఎవరూ అంత క్రూరత్వానికి దిగరు. మైకు ఉందా లేదా అన్నదానికన్నా ఎదురుగా ఉన్నవాళ్ళు శ్రోతలా, పాడేవాళ్ళా అన్నదే తేడా.

ఈ తేడా మన పుస్తకాల్లోకి రాలేదు. జానపద గేయ సంకలనాలు చాలావాటిలో పాట ఉంటుంది, పాడినామె పేరుండదు. ఇక బదులు పలికినవాళ్ళ ఊసెక్కడిది? 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకు అంత ఆత్మీయంగా ఉండటానికి కారణం, అందులో ఆడవాళ్ళు తమ పేర్లతో తమ మాటల్లో మాట్లాడటం. పాటలకి అలాంటి పుస్తకం ఇంకా బాకీ ఉంది.

లంబాడీ అమ్మాయి తిరుగుదారిలో తన ఇబ్బంది చెప్పింది. వాళ్ళ తండాలో పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ ఢావ్‌లో పాడాలి. తల్లి మెడ పట్టుకుని పాడితే తల్లీ ఏడుస్తూ అందుకుంటుంది. గోర్‌బోలికి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు లిపిలో రాసుకుంది. గైడు ఆ ప్రతి చూసి, ఏడుపులు, మళ్ళీ మళ్ళీ వచ్చే చరణాలు తీసేసి శుభ్రంగా రాసుకు రమ్మన్నారట. "అవి తీస్తే తల్లి పాడిందే పోతది మేడం" అంది.

ఆమె ఇప్పుడు పేజీని నిలువునా రెండుగా చేసి రాస్తోంది. ఎడమవైపు పాడినామె, కుడివైపు అందుకున్నవాళ్ళు, పేర్లతో సహా. జాన్‌పహాడ్ పెద్దామె పాట కూడా అలాగే రాసింది. కుడివైపు గడిలో ఐదు పేర్లు, ఎవరు ఎక్కడ గొంతు కలిపారో, ఎవరు మధ్యలో కూర కలపడానికి లేచిపోయారో గుర్తులు. ఆ అధ్యాయాన్ని గైడు ఇంకా ఒప్పుకోలేదు.