నిరీక్షణ: తెలుగు క్రైస్తవ కథనాల్లో ఎదురుచూపు స్వరూపం

తెలుగు క్రైస్తవ పరిభాషలో ‘నిరీక్షణ’ విలక్షణమైన పదం. సాధారణ వ్యవహారంలో దీనికి ఎదురుచూడటం అని అర్థం. తెలుగు బైబిలులో మాత్రం గ్రీకు మూలంలోని ‘ఎల్పిస్’ అనే పదానికి ఇది సమానార్థకంగా స్థిరపడింది. ‘ఎల్పిస్’ అంటే ఆశ, మేలు కలుగుతుందన్న నమ్మకం. విశ్వాసం, ప్రేమలతో కలిపి చెప్పే మూడు సుగుణాల్లో ‘ఆశ’ ఉండవలసిన చోట తెలుగు పాఠకునికి ‘నిరీక్షణ’ కనిపిస్తుంది. ‘ఆశ’కు తెలుగులో కోరిక, లోభం అన్న ఛాయలు ఉండటం ఈ ఎంపికకు కారణం కావచ్చు. కారణం ఏదైనా ఫలితం గమనార్హం. ఒంగోలులో గానీ సికింద్రాబాదు బోయిన్‌పల్లిలో గానీ ఆరాధనలో ఈ మాట విన్న తెలుగు విశ్వాసికి ఆశపడటం, వేచి ఉండటం రెండు వేర్వేరు పనులుగా తోచవు. ఈ పదం వెలుగులో తెలుగు క్రైస్తవ చరిత్ర కథనాలను, జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం నుంచి భావానికి

తెలుగు బైబిలు కీర్తనల గ్రంథంలో దేవుని కోసం వేచి ఉండటాన్ని చెప్పే చోట ‘కనిపెట్టు’ అనే క్రియ తరచు కనిపిస్తుంది. నేటి వ్యవహారంలో కనిపెట్టడం అంటే కొత్త విషయాన్ని కనుగొనడం. పాత వాడుకలో కన్ను నిలిపి చూడటం, కావలి కాయడం. నూటముప్పయ్యవ కీర్తనలోని ఉపమానం కావలివారిదే. తెల్లవారుతుందని వారికి తెలుసు, ఎంతసేపు మేలుకోవాలో కూడా తెలుసు. భక్తుని ఎదురుచూపు అంతకు మించినదని కీర్తనకారుడు అంటాడు. హీబ్రూ భాషలో ‘ఖావా’ ధాతువుకు వేచి ఉండటం, ఆశించడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ‘తిక్వా’ అంటే ఆశ, దారం కూడా. యెహోషువ గ్రంథంలో రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని దారానికి వాడిన మాట ఇదే. గ్రీకు పదానికి ఎంచుకొన్న తెలుగు మాట, ఈ విధంగా, హీబ్రూ భావానికి దగ్గరగా చేరింది.

రోమీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పిన క్రమం కూడా ఇక్కడ ముఖ్యం. శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి పరీక్షకు నిలిచిన స్వభావం, దాని నుంచి నిరీక్షణ పుడతాయన్నది ఆ క్రమం. సాధారణంగా నిరీక్షణ ఉన్నవాడు ఓర్చుకొంటాడని అనుకొంటారు. పౌలు దాన్ని తిరగవేశాడు. ఓర్చుకొన్నవానికే నిరీక్షణ అలవడుతుంది. అంటే నిరీక్షణ ఫలం దొరికేదాకా గడిపే ఖాళీ సమయం కాదు. ఆ సమయం మనిషిలో నిర్మించిన గుణం. ఈ తేడా కథన పద్ధతిని నిర్ణయిస్తుంది.

‘ఒంటరి నక్షత్రం’ కథనం

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. దశాబ్దాలు గడిచినా సంఘంలో చేరినవారు కొద్దిమందే. మిషనును మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. 1853 నాటి చర్చ సందర్భంలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాసిన పద్యం వల్లనే ఈ మిషనుకు ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు నిలిచింది. అనారోగ్యంతో డే అదే సంవత్సరం భారతదేశం విడిచాడు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, నరసు, జూలియా, రూతు ఒంగోలులో ఒక కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ ఊరికి ఒక మిషనరీని పంపమన్నది వారి మనవి. జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది. 1876-78 నాటి మహాక్షామం తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

డేవిడ్ డౌనీ 1893లో ప్రచురించిన మిషను చరిత్ర పేరే ‘ది లోన్ స్టార్’. ఇటువంటి రచనలు కొండ మీద ప్రార్థనను ప్రశ్నగా, వెల్లంపల్లిని జవాబుగా నిలుపుతాయి. కథ చివరి నుంచి మొదటికి చెప్పబడుతుంది. ఫలితం తెలిసినవారు రాసినందువల్ల నలభై ఏళ్ళ సందిగ్ధత పీఠికగా కుదించుకుపోతుంది. ఈ పద్ధతికి రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది, ఎదురుచూపు విలువను సంఖ్య నిర్ణయిస్తుంది. అలాగైతే జవాబు చూడకుండా వెళ్ళిపోయిన డే వంటివారి ఓర్పుకు లెక్కలో చోటు దొరకదు. రెండవది, వేచి ఉన్నవారు మిషనరీలేనని పాఠకునికి తోస్తుంది. తెలుగువారు దొరికిన పంట మాత్రమే అవుతారు.

అయితే అదే చరిత్రలోని వివరాలు ఈ రెండవ అభిప్రాయాన్ని ఖండిస్తాయి. క్షామకాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ నిర్ణయం న్యాయమైనదే. కానీ దాని భారం మోసినవారు ఎవరు? అడిగినా ఆగమనిపించుకొన్న మాదిగ కుటుంబాలు. ఆకలి మధ్య, చావుల మధ్య ఆగి, కూలి ఆగిపోయిన తరువాత కూడా తిరిగి వచ్చినవారే వెల్లంపల్లి జనం. ఆ రోజు నీటిలో నిలిచి బాప్తిస్మం ఇచ్చినవారు కూడా క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. 2,222 అన్న సంఖ్యను మిషనరీ ఓర్పుకు వచ్చిన ప్రతిఫలంగా కాక, ఈ ప్రజల నిరీక్షణకు సాక్ష్యంగా చదవడమే సమంజసం. వీరభోగ వసంతరాయల రాకను ఎదురుచూసిన కాలజ్ఞాన సంప్రదాయం గల నేలకు ఇటువంటి నిరీక్షణ బయటినుంచి దిగుమతి కావలసిన అవసరం లేదు.

‘అంటరాని వసంతం’: తిరగరాసిన ఎదురుచూపు

2000లో వెలువడిన కల్యాణరావు నవల ఇదే కాలాన్ని అంటరాని ఇంటి లోపలినుంచి చూపింది. ఎల్లన్న, సుభద్రల తరం తరువాత శివయ్య, శశిరేఖలు కరువుకు ఊరు విడిచి కాలువ పనికి నడుస్తారు. మిషను చరిత్రలో రక్షణగా కనిపించే కాలువ నవలలో మరో అవమానానికి వేదిక. ఆకలి అందరిదీ అయినా పని దగ్గర కులం అడ్డు నిలుస్తుంది. క్రైస్తవం వారికి అక్షరాన్ని, తల ఎత్తుకొనే ధైర్యాన్ని ఇచ్చింది. అయినా కులం గుడి గుమ్మం దగ్గర ఆగలేదు. నవల ఈ రెండింటిలో దేనినీ దాచదు.

కథను జ్ఞాపకంగా మోసే పాత్ర రూతు. మిషను చరిత్రలో కొండ ఎక్కిన రూతుకు పేరు తప్ప మాట లేదు. నవలలోని రూతు తరాల మాటలకు గొంతు అవుతుంది. రచయిత ఉద్దేశించినా లేకపోయినా, పక్కపక్కన చదివినప్పుడు రెండవ రూతు మొదటి రూతు మౌనాన్ని పూరిస్తుంది. నవల పేరులోని ‘వసంతం’ కూడా ఎదురుచూపుకు సంబంధించినదే. ఋతువు దానంతట అది వస్తుందన్న నమ్మకాన్ని నవల అంగీకరించదు; చివరి తరాలు పోరాట మార్గం పట్టడం అందుకే. భక్తి దృష్టితో చదివేవారికి ఇది విశ్వాస భంగంగా తోచవచ్చు. అయితే ‘కనిపెట్టు’ అన్న పాత మాటలో కావలి కాసేవాని మెలకువ ఉంది; చేతులు కట్టుకొని కూర్చోవడం లేదు. ఆ మేరకు నవల ఆ పదానికి దూరం కాలేదు. నవలకు ఉన్న పరిమితి మరొకటి. పోరాటం వైపు వెళ్ళని విశ్వాసుల ప్రార్థనా జీవితానికి, వారి కీర్తనలకు అందులో దక్కిన చోటు తక్కువ. ఉద్యమంలోకి వెళ్ళినవారితో పాటు, ప్రతి ఆదివారం గుడిలో కూర్చొని ఓర్చుకొన్నవారు కూడా ఈ చరిత్రలో భాగమే.

ముగియని నిరీక్షణ

ఈ పరిశీలన గతానికి పరిమితం కాదు. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఆ హోదాను ఇవ్వలేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో అది వర్తించింది. క్రైస్తవులకు కూడా వర్తింపజేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సూచించింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ ఏర్పడింది. వెల్లంపల్లి వారసులకు నిరీక్షణ అంటే పరలోకానికి సంబంధించిన మాట మాత్రమే కాదు.

కష్టకాలంలో నిలిచిన విశ్వాసాన్ని ఫలితంతో కొలిచే కథనం జవాబు రానివారిని వదిలివేస్తుంది. జవాబు రాదని తేల్చే కథనం వేచి ఉన్నవారి మెలకువను తక్కువ చేస్తుంది. తెలుగు బైబిలు ఎంచుకొన్న ఒక్క మాట ఈ రెంటినీ సరిచేయగలదు. నిరీక్షణ పంటను బట్టి కొలవదగినది కాదు. రాత్రంతా మేలుకొన్న కావలివాని కంటిని బట్టి తెలుసుకోదగినది. ఆ కంటితో తెలుగు క్రైస్తవ చరిత్రను మళ్ళీ చదివితే, సంఖ్యల వెనుక పేర్లు, పేర్ల వెనుక గొంతులు వినిపిస్తాయి.