అనీప్సితఫలమును దెల్పు నాంగ్లపదములు

ఒక ఫలముఁ గోరి పని చేయఁగా వేఱొక ఫలము కలుగుట లోకమున సహజము. ఈ యర్థమున నాంగ్లేయులకుఁ బెక్కు పదములు గలవు. వానిని దెనిఁగించునపుడు మనవారు “అనుకోని ఫలితము” అను నొక్క మాటతోఁ దృప్తిపడుచున్నారు. ఇది సాధువగునా యని విచారింతము.

“అనుకొను” అను క్రియకు ఊహించుట యనియు, సంకల్పించుట యనియు రెండర్థములు. కావున “అనుకోనిది” యన్నచో ఊహింపనిదియుఁ గావచ్చును. ఊహించియు సంకల్పింపనిదియుఁ గావచ్చును. ఆంగ్లమున మొదటిది అన్‌యాంటిసిపేటెడ్, రెండవది అన్‌ఇంటెండెడ్. సమాజశాస్త్రజ్ఞుఁడగు రాబర్ట్ మెర్టన్ 1936లోఁ బ్రకటించిన వ్యాసము పేరున మొదటి పదమునే యుంచెను. పిమ్మట లోకమున రెండవదియే వ్యాపించెను. ఆంగ్లేయులును ఈ రెంటిని గలపుచునే యున్నారు.

మన శాస్త్రమునుండి రెండు కొలఁతలు గ్రహింపవచ్చును. కర్త మిక్కిలి కోరినది కర్మయని చెప్పిన పాణిని, కోరనిదియు నట్లే క్రియతోఁ గూడినచోఁ గర్మయే యని వెంటనే చెప్పెను. ఊరికిఁ బోవువాఁడు త్రోవలోఁ జెట్ల మొదళ్లను దాఁకుట వృత్తికారుల యుదాహరణము. వాఁడు కోరలేదు, అయినను దాఁకినవాఁడు వాఁడే. కోరిక లేనంతమాత్రమునఁ గర్తృత్వము పోదు. మహాభాష్యమున వేఱొక దృష్టాంతము గలదు: ధాన్యము కోరువాఁడు ఊకతోను గడ్డితోను గూడిన పనలనే తెచ్చును; అవి లేక ధాన్యము రాదు. ఇది నాంతరీయకము. ఊక వచ్చునని వాఁడెఱుఁగును, కాని కోరఁడు.

ఇఁక బరీక్షకు వత్తము. బ్యాక్‌ఫైర్ అనఁగాఁ జేసిన పని విపరీతమై చేసినవానికే కీడగుట. మన “బెడిసికొట్టుట” దీనికిఁ జక్కఁగా సరిపోవును. బూమరాంగ్ అను రూపకము మాత్రము రుచింపదు: తిరిగివచ్చు జాతి బూమరాంగు తిరిగి వచ్చుటకే చెక్కఁబడినది గదా! హొరేస్ వాల్పోల్ 1754లోఁ గల్పించిన సెరెండిపిటీ, వెదకకయే దొరకిన మేలు. సైడ్ ఎఫెక్టును మన పత్రికలు “దుష్ఫలిత”మనుచున్నవి. ఇది యవ్యాప్తి. రక్తపుపోటు తగ్గించుటకు వాడిన మినాక్సిడిల్ వెండ్రుకలను బెంచెను. పిదప నందులకే వాడుకకు వచ్చెను. అది దుష్ఫల మెట్లగును? “ఆనుషంగికఫల”మనుట మేలు.

మిగిలినది కొలాటరల్ డ్యామేజ్. విమర్శింపఁదగిన పదమిదియే. బాంబు వేయువారు లక్ష్యమునకుఁ బ్రక్కనున్న ప్రజలు చత్తురని పలుమాఱు ముందే లెక్కగట్టి వేయుదురు. కోరలేదందురు గాక, ఎఱుఁగమనుట చెల్లదు. డ్యామేజ్ అను మాట వస్తువు చెడుటను దోఁపించి ప్రాణము పోవుటను గప్పివేయును. 1999 కొసొవో యుద్ధమునఁ బౌరుల మరణముల నీ పదముతోఁ జెప్పఁగా, జర్మనీయందు భాషావేత్తల మండలి దాని జర్మనురూపమును ఆ వత్సరపు అపపదముగా నెన్నెను. ఊక నాంతరీయకము కావచ్చును. మనుష్యుఁడు ఊక కాఁడు.

నా విద్యార్థి యొకఁడు దీనిని “అనుకోని నష్టము” అని తెనిఁగించెను. వాఁడు నేర్చిన తెనుఁగున వాఁడు తప్పు చేయలేదు. కాని యామాటలో నెఱుక పోయెను, చంపుట పోయెను, కర్తయుఁ బోయెను. “ప్రక్కవారినిఁ గూడఁ జంపిరి” అన్నచో మూఁడును నిలుచును. వార్త చదువువాఁడు “ఎవరు?” అని యడుగుటకు వీలుండును.

కావున ఊహింపనిది అనూహితము, ఊహించినను గోరనిది అనుద్దిష్టము, వెంట వచ్చునది ఆనుషంగికము అని వేఱుపఱచి బాలురకు నేర్పుట యుక్తమని నా మనవి. ఇంతకంటె సులభములైన తెనుఁగుమాటలు దొరకినచో వానినే గ్రహింతము. మాటలు మాఱినను గర్తను విడువకుండుటయే ముఖ్యము. విద్వాంసులు విచారింతురు గాక.