కన్యాశుల్కం: రెండు మారువేషాలు

ఉద్దేశం

కన్యాశుల్కం అనగానే చాలామందికి గిరీశం గుర్తుకొస్తాడు. పరీక్షల్లో రాసే సమాధానాలు కూడా ఎక్కువగా అతని చుట్టూనే తిరుగుతుంటాయి. ఈ పాఠంలో మీ దృష్టిని మరోవైపు మళ్ళిస్తాను. ఈ నాటకంలో రెండు ముఖ్యమైన మారువేషాలున్నాయి. ఒక మగపిల్లవాడు పెళ్ళికూతురి వేషం వేస్తాడు. ఒక స్త్రీ మగవేషంలో వస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గురజాడ వ్యంగ్యం ఎవరెవరిని తాకిందో స్పష్టమవుతుంది.

నేపథ్యం

పెళ్ళికొడుకు వైపువారు పిల్ల తండ్రికి సొమ్ము చెల్లించి పిల్లను తెచ్చుకోవడమే కన్యాశుల్కం. గురజాడ అప్పారావు (1862-1915) రాసిన ఈ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దీన్ని బాగా పెంచి, మార్చి రెండో కూర్పు వెలువరించారు. మనం ఇక్కడ చర్చించేది ఈ ఏడంకాల కూర్పునే.

మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు పీఠికలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో నమోదైన 1,034 శుల్క వివాహాల ప్రస్తావన ఉంది. ఆ పిల్లల్లో 99 మంది ఐదేళ్ళవారు, ముగ్గురు ఏడాది పిల్లలు. నాటకం చదువుతూ నవ్వేటప్పుడు ఈ అంకెలను మరిచిపోకండి.

మొదటి మారువేషం: కొనేవాడు ఏం చూస్తాడు?

అగ్నిహోత్రావధానులు తన చిన్న కూతురు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధానులకు ఇవ్వడానికి బేరం కుదుర్చుకుంటాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. భార్య వెంకమ్మ నూతిలో దూకినా అతని పట్టుదల సడలదు. ఆమె అన్న కరటకశాస్త్రి ఉపాయం పన్ని, తన శిష్యుడికి ఆడవేషం వేయించి, తానే తండ్రినని చెప్పి లుబ్ధావధానులకు అమ్ముతాడు. తక్కువ ఖర్చులో పని అయిపోతుందన్న ఆశ ముసలాయన కళ్ళు కప్పేస్తుంది.

దీన్ని కేవలం హాస్య సన్నివేశంగా చదివి వదిలేయవద్దు. పిల్లవాడి వేషం అంత బాగా కుదరడం వల్లనే పెళ్ళి జరిగిందా? అసలు కారణం కొనేవాడు మనిషిని చూడకపోవడం. అతను చూసింది ధరను. ఆడపిల్ల స్థానంలో మగపిల్లవాడిని కూర్చోబెట్టినా బేరం ఆగలేదంటే, ఆ వ్యవస్థలో ఆడపిల్ల ఒక మనిషిగా లెక్కలోకే రాలేదన్నమాట. సుబ్బి గొంతు మనకు దాదాపు వినిపించకపోవడం కూడా ఇందుకు తగినట్టే ఉంది.

ప్రేమ పేరుతో

శుల్కానికి విరుగుడు ప్రేమే అనుకునే పాఠకుడికి గురజాడ గిరీశాన్ని చూపిస్తారు. పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకున్నవాడు, మధురవాణి దగ్గర కాలం గడిపినవాడు బుచ్చమ్మ ముందు వితంతు వివాహం గురించి ఉపన్యాసాలిస్తాడు. చివరకు ఆమెను లేవదీసుకుపోతాడు. అతని మాటల్లో సంస్కరణ ఉంది, ప్రేమ ఉంది. వాటికి తగిన నడవడి లేదు.

రెండో మారువేషం: సంస్కర్త ఏం చూస్తాడు?

చివరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. ఆయన సజ్జనుడు. పెళ్ళికూతురి హత్యానేరంలో చిక్కుకున్న లుబ్ధావధానులను కాపాడాలని తపిస్తున్నాడు. వేశ్యలను మాత్రం దగ్గరికి రానివ్వడు. అందుకే ఆమెకు మగవేషం అవసరమైంది. విచిత్రమేమిటంటే, సంస్కరణ పలుకులు వల్లించే గిరీశాన్ని ఆయన నమ్మాడు. నిజం తెలిసిన మధురవాణి మాత్రం వేషం మార్చుకుంటే తప్ప ఆయన ఎదుట నిలబడలేకపోయింది.

తాను చెప్పే నిజానికి ఆమె ఒక ముద్దు వెలగా అడుగుతుంది. ఆయన మనసు చంపుకొని సిద్ధపడగానే తానే వద్దని వారిస్తుంది. నాటకంలో అందరూ ఏదో ఒక రూపంలో వెల పుచ్చుకునేవారే. వెలను బాహాటంగా అడిగి, చేతికందే వేళ వదులుకున్నది లోకం వెలయాలు అన్న స్త్రీ ఒక్కతే. అలాగని గురజాడ ఆమెను దేవతగా చూపలేదు. ఆమె రామప్పపంతులు సొమ్ముతో బతికినదే, అవసరమైతే అబద్ధమాడేదే. అందుకే ఆ పాత్ర నమ్మదగినదిగా నిలిచింది.

ఆ రోజుల్లో మన రంగస్థలంపై సాధారణంగా స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. మధురవాణిగా నటిస్తున్న పురుషుడు మళ్ళీ మగవేషం వేయడాన్ని ఒక్కసారి ఊహించుకోండి. ఎవరి అసలు రూపం ఏమిటన్న ప్రశ్న ప్రేక్షకుడి కళ్ళముందే నిలుస్తుంది.

సారాంశం

మొదటి వేషం పాత ఆచారపు గుడ్డితనాన్ని బయటపెడితే, రెండోది కొత్త సంస్కరణలోని లోపాన్ని చూపింది. ముగింపులో బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని పెద్దమనుషులే నిర్ణయిస్తారు. ఆమె ఇష్టమేమిటని అడిగేవారు లేరు. మధురవాణి ఇకముందు ఎలా బతకాలన్నదానికి సంస్కర్త దగ్గర కూడా తేలికైన జవాబు లేదు. దీన్ని నాటక నిర్మాణంలో లోపమని నేను అనుకోను. కాలం ఇవ్వని జవాబును గురజాడ కల్పించి చెప్పలేదు.

కన్యాశుల్కం పోయింది కదా, ఈ నాటకం ఇప్పుడెందుకని కొందరు విద్యార్థులు అడుగుతుంటారు. సొమ్ము చేతులు మారే దిక్కు తిరిగి వరకట్నమైంది. బేరంలో పిల్ల మాటకు విలువ లేకపోవడం మాత్రం అలాగే మిగిలింది. మీ ఇంట్లోనో, ఊళ్ళోనో పెళ్ళి మాటలు జరిగేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు మౌనంగా ఉన్నారో గమనించండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. శిష్యుడి ఆడవేషం ద్వారా గురజాడ శుల్క వివాహాన్ని ఎలా విమర్శించారు?
2. సౌజన్యారావు పంతులు వ్యంగ్యానికి అతీతుడా? సన్నివేశాల ఆధారంగా చర్చించండి.
3. బుచ్చమ్మ విషయంలో నాటకం ముగింపు న్యాయమైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.