ఛోటా భీముడు, భారతం భీముడు: చిత్తూరు సీమ ప్రేక్షక స్పందన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: పిల్లల యానిమేషన్ ధారావాహికలను చూసేవారి కేకలు, నవ్వులు, ముందే చెప్పేసే మాటలు సాహిత్య విమర్శకు సామగ్రి కావన్న అభిప్రాయం విద్యారంగంలో బలంగా ఉంది. నాట్యశాస్త్రంలోని సిద్ధి ప్రకరణం, చిత్తూరు ప్రాంతపు భారత ఉత్సవాలు, పద్యనాటక సంప్రదాయం ఆధారంగా ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని ప్రశ్నిస్తుంది. ‘ఛోటా భీమ్’ ధారావాహిక ఆదిపర్వంలోని బాలభీముణ్ణి ఎలా మార్చిందో, ఆ మార్పు ప్రేక్షక స్పందనను ఎటు మళ్ళించిందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఛోటా భీమ్, భారత ఉత్సవాలు, సిద్ధి, ప్రేక్షకుడు, హాస్యం, మాండలికం.

ఉపోద్ఘాతం

హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ నిర్మాణంలో, రాజీవ్ చిలక సృష్టిగా ‘ఛోటా భీమ్’ 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యం, అందులో ధోవతి కట్టిన తొమ్మిదేళ్ళ బాలుడు, అతని మిత్రులు చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి, వారికి ఎదురు నిలిచే కాలియా, అతని వెంట తిరిగే ఢోలు, భోలు. ప్రతి భాగంలోనూ ఏదో ఒక ఆపద వస్తుంది, భీముడు లడ్డు తింటాడు, బలం వస్తుంది, ఆపద తొలగుతుంది. మధ్యమధ్య కాలియా భంగపాటు నవ్విస్తుంది. పోరాటం, హాస్యం కలిసిన ఈ చట్రంలో పదిహేనేళ్ళకు పైగా పెద్దగా మార్పు లేదు.

కొత్త భాగం వచ్చినప్పుడు చూసే పిల్లవాడి స్పందన కూడా దాదాపు ఒకే తీరున ఉంటుంది. లడ్డు తెర మీదికి రాకముందే ‘ఇప్పుడు తింటాడు చూడు’ అంటాడు. కాలియా పడబోయే ముందే నవ్వుతాడు. దీన్ని చూసి పెద్దలు, అధ్యాపకులు సాధారణంగా చేసే ఫిర్యాదు ఒకటుంది: కథ ముందే తెలిసినప్పుడు చూడటంలో అర్థమేమిటి? అది అలవాటే తప్ప ఆస్వాదన కాదు కదా? ఈ ప్రశ్న వేసేవారు పుత్తూరులోనో నగరిలోనో చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోనో వేసవిలో జరిగే భారతాన్ని ఒక రాత్రి చూసి ఉంటే ప్రశ్న ఇంకో రూపం తీసుకునేది. అక్కడ దుర్యోధనుడు చస్తాడని తెలియని ప్రేక్షకుడు ఒక్కడూ ఉండడు. తెలిసే తెల్లవారుజామున లేచి వస్తారు.

సిద్ధి అనే మరచిన మాట

తెలుగు విమర్శ నాట్యశాస్త్రం నుంచి ప్రధానంగా స్వీకరించింది ఆరవ అధ్యాయంలోని రససిద్ధాంతాన్ని. దానికి అభినవగుప్తుని వ్యాఖ్యానం తోడై, సహృదయుడనే ఆదర్శ పాఠకుడు మన విమర్శలో స్థిరపడ్డాడు. అతడు ఏకాంతంలో, మౌనంగా, తన్మయుడై ఉంటాడు. అతడు కేక వేయగా ఎవరూ వినలేదు.

అదే గ్రంథంలో 27వ అధ్యాయం సిద్ధిని గురించినది. ప్రదర్శన సఫలమైందని ఎలా తెలుస్తుంది? భరతుడు దీనికి సమాధానం ప్రేక్షకుల శరీరాల్లో, గొంతుల్లో వెదుకుతాడు. మానుషీ సిద్ధిని వాఙ్మయం, శారీరం అని విభజిస్తాడు. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనడం, ‘అహో’ అనడం, ‘కష్టం’ అని బాధపడటం, చివరకు పెల్లుబికే కోలాహలం మొదటి రకం. ఒళ్ళు పులకించడం, కూర్చున్నచోటు నుంచి లేవడం, వస్త్రాలో ఉంగరాలో నటుల వైపు విసరడం రెండవ రకం. శబ్దం, కలవరం లేకుండా నిండిన సభ నిశ్చలంగా ఉండటాన్ని దైవికీ సిద్ధి అన్నాడు. పేర్లలోనే ఒక తారతమ్యం కనిపిస్తుందన్న మాట నిజమే. అయినా రెండూ సిద్ధులే. కోలాహలాన్ని భరతుడు వైఫల్యంగా లెక్కించలేదు. వైఫల్యాలకు ఘాతమనే వేరే పట్టిక ఉంది. గిట్టనివాళ్ళు రంగస్థలం మీదికి పేడ, చీమలు విసరడం దాకా అందులో ఉన్నాయి. ఈ భాగాన్ని చదివిన వారెవరికైనా ప్రాచీన ప్రేక్షకాగారం గ్రంథాలయంలా నిశ్శబ్దంగా ఉండేదన్న ఊహ నిలవదు.

అదే అధ్యాయం ఎవరికి ఏది రుచిస్తుందో కూడా చెబుతుంది. శూరులకు యుద్ధ ఘట్టాలు, వృద్ధులకు పురాణకథలు, పిల్లలకు హాస్యమూ వేషాల సొగసూ. పిల్లలతో పాటు స్త్రీలను, మూర్ఖులను ఒకే గాటన కట్టిన భరతుని దృష్టిని ఈనాడు ఆమోదించలేము. కానీ ప్రేక్షకుణ్ణి ఏకవచనంగా చూడలేదన్న విషయం గమనించదగ్గది. పోరాటాన్నీ హాస్యాన్నీ ఒకే భాగంలో కలిపే ధారావాహిక రెండు రకాల ప్రేక్షకులను ఒకే చోట కూర్చోబెడుతుంది.

తెలుగునేల మీద ఈ సిద్ధికి సొంత రూపాలున్నాయి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడినప్పుడు కృష్ణ పాత్రధారి పద్యం ముగించగానే ‘వన్స్‌మోర్’ అని సభ అరిచేది. కథ ఆగిపోయేది, అదే పద్యం మళ్ళీ వచ్చేది. రాయబారం ఏమవుతుందోనన్న ఆతురతే ఆస్వాదనకు మూలమైతే ఆ కేకకు అర్థమే లేదు. ‘ఏమవుతుంది’ కన్నా ‘ఎలా అవుతుంది’ ముఖ్యమైనవాళ్ళే వన్స్‌మోర్ అంటారు.

పద్దెనిమిది రోజుల ధారావాహిక

చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ వద్ద జరిగే భారత ఉత్సవాలు చాలాచోట్ల 18 రోజులు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక్కో దినానికి ఒక్కో ఘట్టం: బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, వస్త్రాపహరణం, అర్జున తపస్సు, ఉత్తర గోగ్రహణం, అభిమన్యు వధ, కర్ణ వధ, చివరికి దుర్యోధన వధ. తమిళ సీమలో ఇదే సంప్రదాయాన్ని జింజీ కేంద్రంగా ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988, 1991 సంవత్సరాల్లో వచ్చిన రెండు సంపుటాల్లో విస్తారంగా చర్చించాడు. తెలుగు వైపు సామగ్రి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికీ కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికీ గడప ముందే ఉంది.

ఈ ఘట్టాల్లో స్పందన ప్రదర్శనకు బయట ఉండదు. బకాసుర వధనాడు భీముని వేషధారి అన్నం, పిండివంటలు, పండ్లు నింపిన బండి మీద వీధుల్లో తిరుగుతాడు. తింటాడు, జనం మీదికి విసురుతాడు. జనం ఎగబడి పట్టుకుంటారు. రాక్షసునికి పంపిన కూడును మోసుకెళ్ళేవాడే తినేయడం మూలకథలోనే ఉన్న హాస్యం. ఊరు ఆ హాస్యంలో చేయి చాచి పాలుపంచుకుంటుంది. అర్జున తపస్సునాడు పాత్రధారి పద్యాలు పాడుతూ ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి జారవిడుస్తాడు. సంతానం కోరే స్త్రీలు కింద తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. ఇక్కడ చూసేవారి శరీరం భరతుడు చెప్పిన శారీర సిద్ధిని దాటి మొక్కుగా మారుతుంది. పద్దెనిమిదోనాడు మైదానంలో పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుని చుట్టూ భీముడు తరుముతాడు, దుర్యోధనుడు పరుగెత్తుతాడు, జనం ఇద్దరికీ దారి ఇస్తూ, మూసేస్తూ కేకలు వేస్తారు. తొడ విరిగాక ఆ మట్టిని కొందరు ఇళ్ళకు తీసుకెళ్తారు.

రాత్రి నాటకంలో హాస్యగాడి పని మరో రకం. ద్రౌపది ఏడుస్తున్నప్పుడే అతడు ఊళ్ళో కరెంటు పోయిన సంగతి ఎత్తుతాడు. చదివింపులు ఇచ్చినవారి పేర్లు కథ ఆపి మరీ చదువుతాడు. ఉంగరాలు విసిరే ప్రాచీన సభకు ఇది వారసత్వమనడం అతిశయోక్తి కావచ్చు గాని పోలిక మాత్రం దాచేది కాదు.

తిరుపతి గంగమ్మ జాతరనూ ఈ వరుసలో గుర్తుచేసుకోవాలి. పాలెగాణ్ణి వెంటాడే గంగమ్మ రోజుకో వేషం మారుస్తుంది: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. వేషధారి వీధిలోకి రాగానే జనం బండబూతులు తిట్టే రోజులూ ఉన్నాయి. దొంగను వెదికే కథ, రోజుకో మారువేషం, నవ్వు, చివరకు వధ. ఈ వారం రోజుల నిర్మాణాన్ని పోరాట హాస్య ధారావాహిక అనడానికి సంకోచించేది పరిశోధకులే. తిట్టేవాళ్ళకు ఆ సంకోచం లేదు.

బాలభీముని అల్లరి ఎక్కడికి పోయింది?

పై పోలిక ఆధారంగా ఢోలక్‌పూర్ భీముణ్ణి భారతం భీమునికి వారసునిగా ప్రకటించడం తొందరపాటు. రెంటినీ పక్కపక్కన పెడితేనే అసలు తేడా తెలుస్తుంది.

నన్నయ ఆదిపర్వంలోని బాలభీముడు సాధువు కాడు. పళ్ళకోసం చెట్టెక్కిన కౌరవ కుమారులను చెట్టు ఊపి రాల్చేవాడు. నీళ్ళలో ఈదుతున్నప్పుడు పట్టుకుని ముంచేవాడు. దుర్యోధనుని పగకు తొలి కారణాల్లో ఈ ఆటలు కూడా ఉన్నాయి. ఆ పగతోనే విషం పెట్టి నీట తోయించారు. భీముడు నాగలోకం చేరి దివ్యరసం తాగి మహాబలంతో తిరిగి వచ్చాడు. అంటే అతని బలం ఒక హత్యాప్రయత్నం నుంచి పుట్టింది. ఆ హత్యాప్రయత్నం వెనక అతని సొంత దౌర్జన్యం కూడా ఉంది.

ధారావాహిక ఈ రెంటినీ తీసేసింది. తాగితే బలమిచ్చే రసం తింటే బలమిచ్చే లడ్డు అయింది, అందులో విషం జాడ లేదు. ఇంకా ముఖ్యమైన మార్పు, అల్లరిని భీముని నుంచి విడదీసి కాలియాకు ఇవ్వడం. తోటి పిల్లలను ఏడిపించేవాడు, తిండిపోతు, గర్వి అయిన కాలియాలో సగం దుర్యోధనుడు, సగం ఆదిపర్వపు భీముడు. ఇతిహాసంలో ఒకే దేహంలో ఉన్న బలాన్నీ దాని దురుపయోగాన్నీ ఇద్దరు బాలురుగా చీల్చడంతో, చూసే పిల్లవాడికి తన పక్షం ఏదో ఎంచుకోవలసిన శ్రమ లేకుండా పోయింది. ఈ ధారావాహికలో నిజమైన లోపం ఇదే. కథ ముందే తెలియడం లోపం కాదు. భారతపు రాత్రి దుర్యోధనుడు కూలినప్పుడు అతనికోసం ఏడ్చే పాత్ర కూడా రంగం మీద ఉంటుంది, ఆ ఏడుపుకు కంటతడి పెట్టే స్త్రీలు జనంలో ఉంటారు. ఢోలక్‌పూర్‌లో కాలియా కోసం ఎవరూ ఏడవరు. భరతుని పట్టికలోని ‘కష్టం’ అనే మాట అక్కడ పలకదు. ‘అహో’, అతిహాసం మాత్రమే మిగిలాయి.

లడ్డు సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేయవచ్చు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన లడ్డు ఉన్న ఊరిలో పెరిగే పిల్లలకు లడ్డు అంటే మొదట కళ్ళకద్దుకునే ప్రసాదం. దాన్ని గాలిలోకి ఎగరేసి నోటితో అందుకునే వీరుడు వారికి కలిగించే నవ్వులో కొంచెం బెరుకు కూడా ఉండవచ్చు.

మాట ఎవరిది?

హైదరాబాదులో తయారైన ఈ ధారావాహికలో పేర్లు, పిలుపులు ఉత్తరాది ధ్వనితో ఉంటాయి. చుట్కీ, టున్‌టున్ మౌసీ తెలుగులోనూ అలాగే ఉండిపోయారు. తెలుగు సంభాషణలు ఏ మండలానికీ చెందని శుభ్రమైన తెలుగులో వినిపిస్తాయి. భారతం హాస్యగాడు ‘యాడికి పోతా ఉండావప్పా’ అని ధర్మరాజునే అడగగలడు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథల్లో అచ్చులోకెక్కి గౌరవం పొందిన ఆ యాస యానిమేషన్ తెరమీద ఇంకా చోటు సంపాదించుకోలేదు.

ఇందువల్ల ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. తెర మాట్లాడే తెలుగు ఒకటి, తెరను చూసి పిల్లవాడు అరిచే తెలుగు వేరొకటి. భారతంలో ఈ రెండూ ఒకటే. కేక వేసే జనం, కేకకు బదులిచ్చే హాస్యగాడు ఒకే ఊరి మాట మాట్లాడతారు, ఆ రాత్రి ప్రదర్శన ఆ బదులుతో కొంత మారుతుంది కూడా. తయారై వచ్చిన యానిమేషన్ భాగాన్ని ఏ కేకా మార్చలేదు. ఆ మేరకు రెంటినీ సమానం చేయడం తప్పు. తపస్సు మాను కింద పడుకున్న స్త్రీ మొక్కును టీవీ ముందు కూర్చున్న పిల్లవాడి ఉత్సాహంతో తూచడం మరీ తప్పు. వ్యాపారం దృష్ట్యా మాత్రం భారతాన్ని పవిత్రంగా, యానిమేషన్‌ను అపవిత్రంగా విడగొట్టడం కుదరదు. భీముని బొమ్మలున్న పుస్తకాల సంచుల అమ్మకం ఒక పక్కనుంటే, చందాలు, తిరునాళ్ళ అంగళ్ళు, నాటక బృందం బేరం మరో పక్కన ఉన్నాయి.

అయితే పరిశోధకునికి పనికొచ్చేది సరిగ్గా ఆ తేడాయే. తెర మారదు కాబట్టి, ఒకే భాగానికి తిరుపతి నగరంలోని పిల్లవాడూ పలమనేరు పల్లెలోని పిల్లవాడూ చేర్చే మాటలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ‘నచ్చిందా, నచ్చలేదా’ అనే ప్రశ్నావళులతో ఈ పని జరగదు. ఏ క్షణంలో నవ్వు పుట్టింది, ఎవరు ముందుగా చెప్పేశారు, పక్కనున్న అవ్వ ఏమని సవరించింది అన్నవి ఉన్నవున్నట్టుగా, యాస చెడకుండా రాసుకోవాలి. జానపద పరిశోధనలో కథకుని మాటను అక్షరం పొల్లుపోకుండా ఎక్కించిన క్రమశిక్షణ మనకు ఉంది. శ్రోత ‘ఊఁ’ కొట్టడాన్ని మాత్రం చాలా సేకరణల్లో వదిలేశాం.

2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’ ఈ పనికి అనుకూలమైన పాఠం. అందులో భీముడు ఇంకా మాటలు రాని పసివాడు. ధారావాహికలో సంభాషణలు దాదాపు లేవు. ప్రపంచంలో ఎక్కడైనా అనువాదం లేకుండా నడవాలన్నది ఆ ఏర్పాటు. చిత్తూరులో ఒక ఇంట్లో అది నడుస్తున్నప్పుడు వినిపించే మాటలన్నీ చూసేవారివే. పసివాడు కుండలో చేయి పెట్టినప్పుడు ‘వొద్దురా నాయనా, మీయమ్మ వస్తా ఉంది’ అని ఒక అవ్వ అనవచ్చు, పిల్లవాడు దానికి నవ్వవచ్చు. ఆ గదిలో ఆ భాగానికున్న తెలుగు పాఠం అంతే.