ఆకరం చెప్పని పదపట్టిక

నిఘంటువులను కంప్యూటరుకెక్కించి, కావలసిన మాటలన్నింటినీ ఒక్క రిపోర్టుగా అచ్చు తీసుకొనే సౌకర్యం నేటి విద్యార్థులకు ఉంది. సంతోషమే. అయితే అటువంటి వ్యవసాయ పదాల రిపోర్టు ఒకటి ఈ మధ్య మా పరిశీలనకు వచ్చింది. అందులో మాట ఉంది, అర్థం ఉంది. అది ఏ నిఘంటువులోనిదో లేదు. ఆకర గ్రంథాల పేర్లన్నీ పుట తలమీద ఒక్కచోటే ఉన్నాయి.

ఇది చిన్న లోపం కాదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) ప్రధానంగా కావ్యభాషకు నిఘంటువు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంలోనివి రైతుల నోట విని సేకరించిన మాటలు. ఒకటి కవుల సాక్ష్యం, మరొకటి సేద్యగాళ్ల సాక్ష్యం. రెంటినీ ఒకే గాటన కడితే పట్టికను నమ్మేదెట్లా?

కలపడంలోనూ ఒక చిక్కుంది. నాగలి భాగమైన ‘మేడి’ రెండు పట్టికల్లో ఒకే అర్థంతో ఉందనుకుందాం. పట్టికలను కలిపి నకళ్లు తీసివేయమంటే యంత్రం ఒక్క వరసనే మిగులుస్తుంది. ఇద్దరు సాక్షులు ఒక్కరవుతారు. ఆకరం పేరుకు వేరే గడి ఉంటే రెండు వరసలూ నిలుస్తాయి. కనుక ఆ పేరును అచ్చువేసేటప్పుడు అతికిస్తే చాలదు, మాట ఎక్కించేటప్పుడే చేర్చాలి.

ఉత్త పేరూ చాలదు. ‘బ్రౌన్’ అంటే 1852 నాటి తొలి ముద్రణా, ఇతరులు సవరించి పెంచిన 1903 నాటి కూర్పా? సంవత్సరం లేనిదే తేలదు. బరో, ఎమెనోలు తమ ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1984) రెండవ కూర్పులో కొన్ని తెలుగు రూపాల పక్కనే వృత్తిపదకోశం గుర్తు వేశారు. ఆంధ్రభారతి నిఘంటు శోధనలో ఫలితాలు నిఘంటువుల వారీగా, పేర్లతో కనిపిస్తాయి. చేయదలిస్తే సాధ్యమేనన్నమాట.

ఈ సంగతి మనకు మరీ ముఖ్యం. వృత్తిపదకోశం సర్వేక్షణ అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు పరిమితం. హోసూరు రైతు మాట అందులో లేకపోతే అది సర్వేక్షణకు ఉన్న హద్దే గాని, మాటలో తప్పు కాదు. ఆకరం చూపని రిపోర్టు ఈ తేడాను మరుగుపరుస్తుంది. మన పిల్లలు అవ్వ మాటను తప్పనుకొని దిద్దుకొంటారు.

సెలవులకు ఇళ్లకు వెళ్లి పదాలు సేకరించే విద్యార్థులకు మా సూచన ఒక్కటే. మాట, అర్థం గడుల పక్కనే ఊరు, చెప్పినవారి వృత్తి, సేకరించిన సంవత్సరం అన్న గడులు ముందే గీసుకోండి. అచ్చులో వాటిని దాచకండి.